గడపకాడ చెప్పిన పేర్లు

మారెక్క అని ఒకామె ఉండేదంట, బూదిగుంటలో. మనిషి పొట్టి, గొంతు మాత్రం పొడుగు. ఊరి ఈ చివర నిలబడి కొడుకును పిలిస్తే ఆ చివర మేసే గొర్లు తలకాయలెత్తి చూసేటివంట. మొగుడు ఎర్రెప్ప చచ్చి అప్పటికి పదేండ్లు. ఒక్కడే కొడుకు సుంకన్న, సుంకన్నకు పెండ్లాము ఈశ్వరమ్మ, ఇంతే ఆ ఇల్లు. కరెంటు ఇంకా ఆ ఊరి మొగం చూడలేదనుకో. ఇంక ఊరికి పెద్ద ఎవురంటే మునసబు నరసప్ప. నిజానికి మునసబు పని చేసింది వాళ్ల నాయన, ఈయప్ప ఒక్క పొద్దు కూడా చెయ్యలేదు, అయినా ఆ పేరు మాత్రం తుండుగుడ్డ మాదిరి భుజాన వేసుకునే తిరిగేవాడంట. రెండుసార్లు సర్పంచి కూడా ఆయప్పే. ఏమైందంటే, ఊరికంతా తాగేనీళ్లకు ఒకటే బావి, దిగుడుబావి, రాతిమెట్లు, ఎంత ఎండాకాలమైనా అడుగున మోకాల్లోతు నీళ్లు ఉండేటివి. ఆ బావి పక్కనే మునసబు బత్తాయితోట పెట్టినాడు. పెట్టినోడు ఊరకుండినాడా? చెట్లకు నీళ్లు చాలలేదని ఆ బావిని తోటలోకి కలుపుకుని చుట్టూరా ముళ్లకంప కొట్టించి, ఆయిల్ ఇంజను తెచ్చి పెట్టినాడు. ఇదేంది సామీ, అది పంచాయితీ బావి కదా అంటే, అవును, పంచాయితీ అంటే ఎవురు, నేనే కదా, తీర్మానం రాసుకున్నాము, బుక్కులో ఉండాది, పోయి చూసుకోపో అన్నాడంట. చూసుకునేదానికి చదువొచ్చినోళ్లు ఎవురుండారు ఊర్లో?

ఇంక ఆడోళ్ల పాట్లు చూడు. నీళ్లకు వంకకు పోవాల, ఆ కొసన, రెండు మైళ్లు. వంకలో నీళ్లు పారతాయా అంటే అదీ లేదు, ఇసకలో చెలమ తీసుకుని, ఆ గుంటలో నీళ్లు ఊరేదాకా కూర్చోని, టెంకాయచిప్పతో ముంచి ముంచి కడవకు పోసుకోవాల. ఒక కడవ నిండేలోపల పొద్దు నడినెత్తికి వచ్చేస్తాది. నువ్వు నవ్వుతావేంది రత్నీ, మీకు తిప్పితే నీళ్లొచ్చే కాలం, నీకేం తెలుసు. ఆ ఈశ్వరమ్మ మొదటి కానుపు ఆ వంక గట్టుమీదే పాయ. ఆరో నెల. నిండు కడవ సంకన పెట్టుకుని గట్టు ఎక్కతా ఉంటే కాలు జారింది, కడవా పాయ, కడుపూ పాయ. మూడు దినాలు ఆ పిల్ల గోడకు మొగం పెట్టుకుని పడుకుందంట, నాలుగో దినం లేచి మళ్లా కడవ ఎత్తుకుంది. ఎత్తుకోక ఏం చేస్తాది? మారెక్కకు మాత్రం ఆ పొద్దు నుంచి మునసబును చూస్తే కండ్లల్లో నెత్తురు. ఇంక ఈ ఏడు మళ్లా ఈశ్వరమ్మకు నెల తప్పింది. ఐదో నెల వచ్చింది. వద్దు, నేను పోతా, నువ్వు ఇంట్లో ఉండు అని అత్త అంటే, నీకు మోకాళ్ల నొప్పి కదత్తా అని ఆ పిల్లే పోయేది. ఇద్దురూ పోటీపడి ఆఖరికి ఇద్దురూ పోయేది. కొడుకు బుద్ధి చెప్పి ఆపచ్చు కదా అంటారేమో, వాడు మునసబు తోటలో ఇంజను తోలేవాడు. పెండ్లాము తాగాల్సిన నీళ్లే పొద్దంతా బత్తాయి చెట్లకు పోసేవాడు. రాత్రి ఇంటికొచ్చి పెండ్లాము మొగం చూడలేక తలకాయ వంచుకుని సంగటి తినేవాడంట.

అప్పుడు ఎలచ్చన్లు వచ్చినాయి. మునసబు మూడోసారి నిలబడినాడు, త్రాసు గుర్తు. ఈసారి ఎదురు నిలబడేదానికి ఒకడు తేలినాడు, గంగులప్ప, బావులు తవ్వేవాడు. ఆ దిగుడుబావిలో పూడిక తీసింది కూడా వాళ్ల నాయనా వాడూనే. వాడిది నిచ్చెన గుర్తు. ఒకటే మాట చెప్పినాడంట: నేను గెలిస్తే మర్నాడే ఆ తీర్మానం కొట్టేస్తా, కంప పీకేస్తా, ఇంక నన్నేమీ అడగద్దండి, నాకేమీ తెలీదు. ఊర్లో అందురికీ ఆ మాట నచ్చింది. నచ్చితే మాత్రం? మొగోళ్లలో సగంమందికి పైన మునసబు తోటలో పనోళ్లు, వాళ్లు త్రాసుకే గుద్దాల. మరి ఆడోళ్లు ఉండారు కదా అంటారు మీరు. ఉండారు, నూటా ఎనభైమంది ఉండారు, ఓటర్ల పట్టీలో అందురి పేర్లూ ఉండాయి. కానీ మునసబు ఇంటామె తప్ప ఆ ఊర్లో ఆడది ఓటేసింది లేదు. ఎందుకు లేదో చెప్తా, ఇక్కడ బాగా వినండి, కథంతా ఇక్కడే ఉండాది.

పట్టీలో ఆడదాని పేరు పక్కన మొగుడి పేరు రాసుంటారు కదా. ఓటేసేదానికి బడికాడికి పోతే, మునసబు బామ్మర్ది వీరాంజి అని ఒకడు, మునసబు తరఫున ఏజెంటుగా లోపల బెంచీమీద కూర్చోనుండేవాడు. ఆడది గడప తొక్కగానే వాడు, సార్, ఈమె ఎవురో నాకు అనుమానంగా ఉండాది, మొగుడి పేరు అడగండి అనేవాడు. పొద్దున లేస్తే ఎదురింట్లో కనపడే ఆడది వాడికి ఎవురో తెలీదంట, చూడండి వాని తెలివి. అనుమానం అన్నాక ఆ సారు అడగాల్సిందే, అది ఆయప్ప డూటీ. అమ్మా, నీ ఇంటాయన పేరేమి? అంతే. ఆడది పైట కొంగు నోట్లో పెట్టుకుని నేల చూస్తాది. ఆ కాలంలో మొగుడి పేరు నోట పలికితే మొగుడి ఆయుష్షు తగ్గుతాదని గట్టి నమ్మకం. చచ్చినా పలికేవాళ్లు కాదు. మొగుడు ఇంటెనక ఉంటే, ఓ ఇదిగో, వినపడలేదా, ఎవురో వచ్చినారు అని పిలవాల్సిందే. కనుక ఏమి చేస్తారు? నవ్వుకుంటా కొందురు, ఏడ్చుకుంటా కొందురు ఎనక్కి వచ్చేవాళ్లు. రెండు ఎలచ్చన్లూ ఇట్లే జరిగినాయి. వీరాంజికి అదొక ఆట అయిపాయ. ఎవురు చెప్పద్దన్నారు, నోరు లేదా మీకు, అంటా ఇకిలించేవాడంట.

మారెక్క ఈసారి పదిదినాల ముందు నుంచే చెలమలకాడ మాటలు మొదలుపెట్టింది. నీళ్లు ఊరేదాకా ఆడోళ్లంతా అక్కడే కూర్చోవాల కదా, యాడికి పోతారు? మీరు మొగుడి పేరు చెప్పండి, ఓటు వేయండి, బావి మనది అయితాది, ఇంతే పని అనింది. ఒక్కతీ ఒప్పుకోలేదు. పుల్లక్క అని, మారెక్కకు వదినె వరస, గట్టి మనిషి, ఎద్దుల్ని కూడా అదిలించే మనిషి, ఆమె కూడా, మారెక్కా, ఏమైనా చెప్పు ఆ మాట చెప్పద్దు, మాయప్పకు ముందే దగ్గు, నేను పేరు పలికినానంటే పొద్దు గూకేలోపల పోతాడు అనింది. మారెక్కకు యమకోపం వచ్చింది. ఓసి నీ దగ్గు పాడుగాను, నలభై ఏండ్లనుంచి పేరు పలకలేదు కదా, మరి దగ్గు ఎట్ల వచ్చింది అని అడిగింది. పుల్లక్క కడవ ఎత్తుకుని గట్టు ఎక్కేసింది. అడిగినంత మాత్రాన నమ్మకం పోతాదా? మీలో ఎవురికైనా పోయిందా? నాకూ పోలేదులే, నేనూ మా ఆయప్పను ఇదిగో అనే పిలుస్తా.

ఓట్ల దినం వచ్చింది. మునసబు తెల్లారగానే మొగోళ్లందరికీ తోటలో పొట్టేలుకూరా సంగటీ పెట్టించినాడు. తినండి, తిన్నాక బండ్లలో పోయి గుద్దిరండి అన్నాడంట. ఇది కూడా తెలివే. ఏ ఆడదానికైనా పక్కన మొగుడు నిలబడి, నా పేరు ఫలానా సారూ అని చెప్తాడేమో, చెప్పనీకుండా చెయ్యాల. సుంకన్న కూడా తోటలోనే ఉండిపాయ. ఇంజను ఆపేదానికి లేదని చెప్పినాడంట మునసబు. బడికాడ ఆ దినం వచ్చిన సారు వేరే ఊర్లో పిల్లోళ్లకు చదువు చెప్పే అయివారు, చిన్న వయసు, కండ్లద్దాలు, నెమ్మదైన మనిషి. మారెక్క అందురికన్నా ముందు పోయి నిలబడింది. వీరాంజి అలవాటుగా, సార్, మొగుడి పేరు అడగండి అన్నాడు. సారు అడిగినాడు. మారెక్క బడి పైకప్పు ఎగిరిపోయేంత గొంతుతో, ఎర్రెప్ప సారూ, పదేండ్ల కిందట చచ్చినాడు, ఇంక ఆయుష్షు తగ్గేదానికి ఏముంది, రాసుకో అనింది. ఏలికి సిరా పూసినారు, చీటీ ఇచ్చినారు, గోనెపట్టా చాటుకు పోయి నిచ్చెనమీద ఒక్క గుద్దు గుద్దింది, బల్ల అదిరిందంట. పెట్టెలో వేసి బయటికొచ్చి ఏలు ఎత్తి చూపించింది ఆడోళ్లకు. ఇంతే కదే, పోండి అనింది.

పోయినారు. పుల్లక్క పోయింది, నేల చూసింది, తిరిగొచ్చింది. ఓబుళమ్మ పోయింది, తిరిగొచ్చింది. ఒకామె తెలివిగా, మా ఇంటాయన పేరు తిరపతి కొండమీద ఉండే సామి పేరు సారూ అనిందంట, సారుకు అర్థమై రాసుకోబోతే వీరాంజి లేచి, పేరు పలకలేదు సార్, పేరు పలకాల, కొండా గుట్టా చెల్లదు అన్నాడు. ఆమె కూడా తిరిగొచ్చింది. పదకొండుమంది పోయినారు, పదకొండుమందీ తిరిగొచ్చి బడి గోడ నీడలో కూర్చున్నారు. తక్కినోళ్లు ఇంక పోయేది ఎందుకులే అని వాళ్ల పక్కనే కూర్చున్నారు. వీరాంజి లోపల్నుంచి, అమ్మల్లారా, ఎండెక్కుతా ఉండాది, వంకకు పోయి నీళ్లన్నా తెచ్చుకోండి అని నవ్వినాడు. ఆ మాటకు మారెక్కకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపు.

అప్పుడు వచ్చింది ఈశ్వరమ్మ. వంకనుంచి నేరుగా వస్తా ఉండాది, సంకన కడవ, ముందర కడుపు. కడవను అరుగుమీద దించింది, మొగం తుడుచుకుంది, చూసింది అందురినీ. ఏమైంది అని అడగలేదు, చూస్తే తెలిసిపాయ. నేరుగా బడి గడపకాడికి పోయింది, అక్కడ ఆగింది. ఆగి ఎనక్కి తిరిగి, అత్తా, గడపకాడ చెప్పొచ్చు కదా అనింది. ఏంది చెప్పొచ్చు అని మారెక్క అడిగితే ఆ పిల్ల చెప్పింది: పేరు. నేను పెండ్లయి మనింటికి వచ్చిన పొద్దు గడపకు అడ్డంగా నిలబడి, పేరు చెప్పి లోపలికి రా అని అడిగినారు కదా, నేను చెప్పినా కదా, ఆయప్పకు ఏమైంది? ఏమీ కాలేదు కదా? అందురూ చెప్పినోళ్లే కదా ఒకసారి? గడపకాడ అడిగితే చెప్పొచ్చు కదత్తా? చూడండి ఆ పిల్ల ఎట్ల ఆలోచించిందో. పెండ్లిలో పెండ్లికూతురు గడప దాటేటప్పుడు ఆడబిడ్డ అడ్డం నిలబడాల, మొగుడి పేరు చెప్పించాల, అప్పుడే లోపలికి వదలాల. ఆ ఒక్కసారి చెప్తే దోషం లేదు, చెప్పకుంటేనే లోపలికి రానీరు. ముసిలోళ్లు పెట్టిన పద్ధతే అది కూడా. ఆడోళ్లంతా ఒకరి మొగం ఒకరు చూసుకున్నారంట. అవును కదా, గడపకాడ అయితే చెప్పొచ్చు కదా అని ఒకామె అనింది. అయితే అడిగేదెవురు? ఎవురో ఒకరు అడ్డం నిలబడి అడగాల కదా, ఊరికే చెప్తే ఎట్ల? మారెక్కకు ఆ ఊరే పుట్టిల్లు, ఊరి మొగోళ్లలో సగంమందికి అక్కో చెల్లెలో అయితాది, వరసకు ఆమే ఆడబిడ్డ. నువ్వే నిలబడు మారెక్కా అన్నారు. మారెక్క ఎనక్కి జరిగింది. నేను ముండమోసినదాన్ని, నేను గడపకాడ నిలబడకూడదు, మీకు మంచిది కాదు, ఇంకెవురైనా నిలబడండి అనింది.

ఈశ్వరమ్మ పోయి అత్త చెయ్యి పట్టుకుంది. నా పెండ్లి పొద్దు కూడా నువ్వు ఇట్లే అని గోడెనక నిలబడినావు అత్తా, కన్న కొడుకు పెండ్లాము ఇంట్లోకి వస్తా ఉంటే కిటికీలోంచి చూసినావు, నేను చూడలేదనుకున్నావా? ఆ పొద్దు నాకు నోరు లేక ఊరకున్నా. ఈ పొద్దు నువ్వు నిలబడితేనే నేను చెప్తా, ఇంకెవురు అడిగినా చెప్పను. ఆయప్పను కన్నదానివి నువ్వు. నువ్వు అడిగితే ఆయప్పకు చెడు ఎట్ల జరుగుతాది? అనిందంట. మారెక్క కోడలి మొగం చూసింది, కడుపు చూసింది. కొంగు నడుముకు బిగించుకుంది. పోయి బడి గడపకు అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది. ఏమ్మా పెండ్లికూతురా, పేరు చెప్పి లోపలికి పో అనింది. ఈశ్వరమ్మ తలకాయ ఎత్తి, సుంకన్న పెండ్లాము ఈశ్వరమ్మ వచ్చింది, దారి వదులు అని ఊరంతా వినపడేట్టు చెప్పింది. వాడి ఆయుష్షుకు నాది పూచీ, పో తల్లీ అని మారెక్క చెయ్యి తీసింది.

వీరాంజి లేచినాడు. ఏంది సార్ ఈ నాటకం, ఇది బడా పెండ్లిఇల్లా, పేరు మీరు అడిగితే మీకు చెప్పాల, గడపకాడ ముసిల్దానికి చెప్తే ఎట్ల చెల్లుతాది అని అరిచినాడు. సారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు. ఏమయ్యా, నీకు కావాల్సింది మొగుడి పేరు ఆమె నోట రావడం, వచ్చింది, నాకు వినపడింది, పట్టీలో సుంకన్న అనే ఉండాది. ఆమె ఎవురికి చెప్పాల, ఎక్కడ నిలబడి చెప్పాల అని నాకు ఇచ్చిన కాగితాల్లో యాడా రాయలేదు. కూర్చో. ఇంకోసారి లేస్తే బయటికి పంపిస్తా అన్నాడంట నెమ్మదిగానే. వీరాంజి కూర్చున్నాడు. ఈశ్వరమ్మ ఏలికి సిరా పూసినారు.

ఇంక చూడండి ఆ బడికాడ తిరణాల. ఆడోళ్లు గోడ నీడ వదిలి వరసగా నిలబడినారు. తరవాత పుల్లక్క వచ్చింది. మారెక్క, పేరు చెప్పి పో వదినా అనింది. పుల్లక్క కండ్లు మూసుకుని, పెద్దనాగప్ప అనింది. గట్టిగా. పెద్దనాగప్ప. మళ్లా ఒకసారి. పెద్దనాగప్ప. చాలు వదినా, ఒకసారి చాలు, లోపలికి పో అంటే, ఉండు మారెక్కా, నలభై ఏండ్లది ఉండాది అనిందంట. ఓబుళమ్మ చెప్పింది, కొండమీది సామి ఆమె చెప్పింది, కొత్త కోడండ్లు సిగ్గుపడతా చెప్పినారు, ముసిలోళ్లు నవ్వుతా చెప్పినారు. పెండ్లిలో మాదిరే పక్కనోళ్లు, వినపడలేదు, ఇంకా గట్టిగా అని ఆటపట్టించినారు. ఒకామె మాత్రం బుడ్డన్న అని చెప్పింది, సారు వెతికితే పట్టీలో బుడ్డన్న లేడు. మొగుడిని ఊరంతా బుడ్డన్న అనే పిలుస్తారు, పెండ్లిలో గడపకాడ కూడా ఆమె అదే చెప్పిందంట, మళ్లా పేరు పలకనిది కాబట్టి అసలు పేరు ఏందో ఆమెకే తెలీదు, ఇరవై ఏండ్ల కాపురం. ఆమె చీర ఎగదోపి ఇంటికి పరిగెత్తింది, మంచంమీద ఉండే అత్తను లేపి, ఓ అత్తా, నీ కొడుకు పేరేంది చెప్పు అని అడిగి, చిన్నక్రిష్ణప్ప, చిన్నక్రిష్ణప్ప అని దారంతా వల్లెవేసుకుంటా వచ్చి చెప్పి ఓటేసింది. ఊరకనే ఉంటుందా అత్త? కర్ర పట్టుకుని ఆమె కూడా ఎనకాలే వచ్చింది, ఆమె కూడా ఓటేసింది.

ఈ నవ్వులు తోటదాకా వినపడినాయి. మొగోళ్లు చేతులు కడుక్కోకనే వచ్చినారు. వచ్చి చూస్తే ఏముంది, వాళ్ల పేర్లు ఒక్కొక్కటే వాళ్ల పెండ్లాల నోట్లో పలుకుతా ఉండాయి. పెద్దనాగప్ప దగ్గుకుంటా, ఇది నా పేరేనా, కొత్తగా ఉండాదే అన్నాడంట. సుంకన్న ఇంజను ఆపి వచ్చినాడు. ఆపమని ఎవురూ చెప్పలేదు, వాడే ఆపినాడు. గడపకాడ నిలబడిన అమ్మను చూసినాడు, చేతులు చాపి నిలబడి ఉండాది, మొగమంతా చెమట, వెలిగిపోతా ఉండాది. వాడు వరసలో నిలబడి పోయి వాడి ఓటు వాడికి నచ్చినట్టు గుద్దినాడు. వాడిని చూసి ఇంకా కొందురు అట్లే గుద్దినారు. ఇంతలో మునసబు పెండ్లాము బండిలో వచ్చింది, సుబ్బలక్షుమ్మ. ప్రతిసారీ వస్తాది, ఆమెను మొగుడి పేరు వీరాంజి ఎప్పుడూ అడగనీలేదు, సొంత అక్క కదా. మునసబు కూడా అక్కడే నిలబడి ఉండాడు మీసం దువ్వుకుంటా. మారెక్క చెయ్యి తియ్యలేదు. అమ్మా, పేరు చెప్పి పో అనింది. మునసబు ఏయ్ అన్నాడు. సుబ్బలక్షుమ్మ మొగుడిని చూసింది, మారెక్కను చూసింది, ఆడోళ్ల వరసను చూసింది, నవ్వు ఆపుకోలేక నరసప్ప అనింది. అంత మందిలో, అంత గట్టిగా ఆయప్పను ఉత్త పేరుతో ఎవురూ పిలిచి ఉండరు. మీసం దువ్వే చెయ్యి అక్కడే ఆగిపాయ. ఆమె లోపలికి పోయి దేనికి గుద్దిందో ఆ పెట్టెకు తెలుసు, నేను చెప్పను.

సాయంత్రం బడిలోనే లెక్కబెట్టినారు. త్రాసుకు నూటా పన్నెండు. నిచ్చెనకు రెండునూర్ల నలభై. సారు ఆ మాట చదివినాక గంగులప్ప నమ్మలేక, సారూ, మళ్లా ఒకసారి చూడండి, తప్పు పోతుందేమో అన్నాడంట, ఎర్రిమాలోకం. మర్నాడు పొద్దున్నే అన్నమాట నిలబెట్టుకున్నాడు. తీర్మానం కొట్టేయించినాడు, ఊరంతా గొడ్డండ్లు పట్టుకుని పోయి కంప కొట్టేసినారు. కొట్టినోళ్లలో మునసబు తోట పనోళ్లే ఎక్కువమంది. ఇంజను సుంకన్నే ఊడదీసి మునసబు ఇంటిముందర పెట్టొచ్చినాడు. మారెక్క కోడలిని పైమెట్టుమీద కూర్చోబెట్టి తనే దిగింది, మోకాళ్ల నొప్పి కూడా గుర్తురాలేదు. మొదటి కడవ ముంచి పైకి తెచ్చి, కోడలి దోసిట్లో పోసింది. తాగమ్మా, మన నీళ్లు అనింది. ఈశ్వరమ్మ తాగింది, ఏడ్చింది, నవ్వింది. ఇంక వంకకు పోయే పని లేదు ఆ ఊరి ఆడోళ్లకు. నాలుగు నెలలకు నిండు నెలల కానుపు అయింది, ఆడపిల్ల, గొంతు అవ్వదే.

ఏమంటాండావు రత్నీ, మొగుళ్లకు ఏమైందనా? ఏమవుతాది, ఒక్కడూ చావలేదు. ఆ దగ్గు పెద్దనాగప్ప ఇంకో ఇరవై ఏండ్లు దగ్గినాడు. ఇంత గట్టి ఆయుష్షని తెలిసుంటే ఎప్పుడో పిలిచేదాన్ని అని పుల్లక్క అనేదంట. మునసబు మాత్రం ఐదేండ్లు ఇంట్లోంచి పెద్దగా బయటికి రాలేదు. మళ్లా ఎలచ్చన్లు వచ్చినప్పుడు వచ్చినాడు, నమస్కారం పెట్టుకుంటా ఇంటింటికీ. అంతకుముందు ఆయప్పకు ఆ ఊర్లో ఆడోళ్లు అంటే సుంకని పెండ్లాము, నాగని పెండ్లాము, ఎర్రని ముసిల్ది, ఇంతే. ఇప్పుడు ఎనక వీరాంజి పట్టీ పట్టుకుని నడుస్తా చెవిలో చెప్తా ఉంటే, ఈయప్ప గడపకాడ నిలబడి, అమ్మా మారెక్కా, అమ్మా ఈశ్వరమ్మా, అమ్మా పుల్లక్కా అని పేరు పేరునా పిలిచినాడంట. పుట్టి పెరిగిన ఊర్లో ఆడోళ్ల పేర్లు అరవై ఏండ్లకు నేర్చుకున్నాడు. అయినా ఓడిపాయ అనుకో. ఓటు వేస్తే ఏమొస్తాది, ఎండలో నిలబడాల అని మొన్న మీలో ఎవురో గొణిగినారు, ఎవురో నేను చెప్పను, ఆ మొగం చూస్తేనే తెలుస్తాది. బూదిగుంట ఆడోళ్లను మునసబు లాంటోళ్లు పేరు పెట్టి పిలిచింది వాళ్లు వరసలో నిలబడినాకే, అది గుర్తుపెట్టుకుంటే చాలు నాకు.